పాపాన్ని దాచవచ్చు, రోగాన్ని దాచవచ్చునా?

మన ఊళ్ళలో బస్టాండు గోడల మీద, రైల్వే గేట్ల దగ్గర, సినిమా వాల్‌పోస్టర్ల పక్కన మరో రకం పోస్టర్లు కనిపిస్తుంటాయి. గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం అని పైన, ఏదో లాడ్జి పేరూ ఒక సెల్ నంబరూ కింద. చదవనట్లు నటిస్తూనే వాటిని మనమందరం చదివాం. ఈ వ్యాధుల గురించి మన సమాజంలో పదిమందిలో మాట్లాడేవి ఆ గోడలు మాత్రమే. ఇంట్లో మాట్లాడరు. బడిలో మాట్లాడరు. జుమా ప్రసంగంలో ప్రస్తావన వచ్చినా అది వ్యభిచారం మీద హెచ్చరికగా వచ్చి అక్కడే ఆగిపోతుంది. హెచ్చరిక అవసరమే, దాన్ని మేము కాదనడం లేదు. కాని రోగం అప్పటికే గడప దాటి లోపలికి వచ్చి ఉంటే ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబును మాత్రం గోడ మీది సెల్ నంబరుకు వదిలేశాం.

ఇప్పుడు ఈ ప్రశ్న మరో దారిలో మన ముందుకు వస్తున్నది. లైంగికంగా సంక్రమించే వ్యాధులు తమకు ఉన్నాయో లేవో ఎవరికి వారే పరీక్షించుకునే కిట్లను కొన్ని దేశాల్లో మందుల దుకాణాల ద్వారానే ఇస్తున్నారు. ఇంగ్లాండులో క్లమీడియా అనే వ్యాధి కోసం 2003లో జాతీయ పరీక్షల కార్యక్రమం మొదలైంది. పాతికేళ్ళ లోపు యువతీ యువకులు దాని లక్ష్యం. 2005లో లండన్‌లోని బూట్స్ మందుల దుకాణాల్లో ఈ కిట్లను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించారు. కిట్టు తీసుకున్నవారు ఇంట్లోనే నమూనా తీసి ల్యాబుకు పంపుతారు, ఫలితం వారికే తెలుస్తుంది. ఇది ఒక పద్ధతి. రెండో పద్ధతిలో ల్యాబు కూడా అవసరం లేదు. వేలి కొస నుంచి ఒక రక్తపు చుక్క, లేదా చిగుళ్ళ మీద తుడిచిన తేమ చాలు, పావుగంటకో ఇరవై నిమిషాలకో గీత కనిపిస్తుంది. అమెరికాలో హెచ్‌ఐవికి ఇలాంటి కిట్టును 2012లో అనుమతించారు. 2015లో బ్రిటన్‌లో వీటి అమ్మకం మొదలైంది, ఫ్రాన్స్‌లో అదే ఏడాది మందుల దుకాణాల్లోకి వచ్చాయి. ఆ మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్‌ఐవి స్వీయ పరీక్షను సిఫారసు చేసింది. అమెరికాలో 2024లో సిఫిలిస్‌కు, 2025లో స్త్రీలలో క్లమీడియా, గనేరియా, ట్రైకోమోనాస్ అనే మూడింటికి కలిపి ఇంటి పరీక్షలకు అనుమతి వచ్చింది.

హైదరాబాదు, గుంటూరు, కర్నూలు కాలేజీల్లో ఫార్మసీ చదివి విదేశాలకు వెళ్ళిన మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఇంగ్లాండు మందుల దుకాణాల్లో ముస్లిం ఫార్మసిస్టులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. కౌంటరు వెనుక నిలబడిన ఆ యువకుని ముందుకు పందొమ్మిదేళ్ళ అమ్మాయి వచ్చి కిట్టు అడుగుతుంది. ఆమెకు పెళ్ళి కాలేదని అతనికి తెలుసు. ఇవ్వాలా, వద్దా? ఇస్తే పాపంలో భాగస్తుడవుతాడా? మన వీధి మెడికల్ షాపులో ఈ కిట్లు ఇంకా మామూలు సరుకు కాలేదు. గర్భపరీక్ష కిట్టు ఎలా వచ్చిందో ఇవీ అలాగే వస్తాయి. ఆ రోజు కౌంటరు వెనుక ఉండేది మన తమ్ముడో, మన బావో కావచ్చు. కనుక ఈ విషయం గురించి ముందే ఆలోచించుకోవడం మంచిది.

అసలు ఈ వ్యాధులకు తెలుగులో మనం పెట్టుకున్న పేరే పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. సుఖవ్యాధులు! ఎవరి సుఖం? భర్త వల్ల సిఫిలిస్ సోకిన ఇల్లాలు ఏ సుఖం అనుభవించింది? ఆమె కడుపులోనే చనిపోయిన శిశువు ఏ సుఖం చూసింది? మన పెద్దలు సవాయి అని, సెగరోగం అని అనేవారు. ఆ మాటల్లో నిందలేదు, రోగం ఒక్కటే ఉంది. సుఖవ్యాధి అన్న మాట మాత్రం రోగిని చూడగానే తీర్పు చెప్పేస్తుంది. అందుకే రోగి డాక్టరు దగ్గరికి వెళ్ళడు. వెళ్ళినా మా స్నేహితుడొకనికి ఇలా ఉందట సార్ అని మొదలుపెడతాడు.

ఈ వ్యాధుల స్వభావం ఏమిటో కాస్త తెలుసుకుంటేనే ధర్మం ఎటు ఉందో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగు వ్యాధులే 15 నుంచి 49 ఏళ్ళ మధ్యవారిలో 37 కోట్ల 40 లక్షల సార్లు కొత్తగా సోకాయి. అంటే రోజుకు పది లక్షలకు పైగా. ఈ నాలుగూ నయమయ్యేవే. తొలి దశలో ఉన్న సిఫిలిస్‌కు ఒక్క విడత పెన్సిలిన్ ఇంజక్షన్ చాలు. మరి ఇంత తేలికగా నయమయ్యేవి ఇన్ని కోట్ల మందిని ఎందుకు పట్టుకున్నాయి? ఎందుకంటే ఇవి చాలామందిలో ఏ లక్షణమూ చూపవు. నొప్పి లేదు, పుండు లేదు, జ్వరం లేదు. క్లమీడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి తమకు ఏదో ఉందన్న అనుమానమే రాదు. అది లోలోపల అండవాహికలను వాపెక్కించి, మచ్చలు కట్టించి, మూసివేస్తుంది.

ఆ తరువాత జరిగేది మనందరికీ తెలిసిన కథే. పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లలు లేరు. అత్తగారు తాయెత్తులు కట్టిస్తుంది. దర్గాలకు తిప్పుతుంది. కోడలిని ముగ్గురు డాక్టర్లకు చూపిస్తారు, కొడుకును ఒక్కరికీ చూపించరు. ఆఖరికి లోపం అమ్మాయిలోనే ఉంది అని తేలుస్తారు. తేల్చింది నిజమే కావచ్చు, ఆమె అండవాహికలు మూసుకుపోయి ఉండవచ్చు. కాని ఆ లోపాన్ని ఆమెకు ఎవరు తెచ్చి ఇచ్చారు? పెళ్ళికి ముందు దూర నగరంలో ఉద్యోగం చేసినప్పుడో, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడో తన వెంట ఏదో తెచ్చిన భర్త తలెత్తుకుని రెండో పెళ్ళికి సిద్ధమవుతాడు. ఆమె పుట్టింటికి వెళుతుంది. పిల్లలు కలగకపోవడానికి కారణాలు ఎన్నో ఉంటాయి, అన్నిటికీ ఇదే కారణమని మేము అనడం లేదు. కాని ఇది కారణమైన చోట జరిగే అన్యాయాన్ని ప్రశ్నించే గొంతు మన మొహల్లాల్లో వినబడటం లేదు.

ఈ దృశ్యాన్ని కళ్ళ ముందు పెట్టుకుని ఇప్పుడు కిట్టు మీది అభ్యంతరాలను చూద్దాం.

మొదటి అభ్యంతరం: ఇది పాపానికి సహకారం. సత్కార్యాల్లో సహకరించుకోండి గాని పాపంలో, అతిక్రమణలో సహకరించుకోకండి అన్న భావం అల్ మాయిదా సూరా రెండవ ఆయత్‌లో ఉన్నది. ముస్లిం వ్యాపారి ప్రతి ఒక్కరూ దుకాణం తలుపు మీద రాసుకోదగిన సూత్రమిది. ధర్మవేత్తలు దీని వెలుగులోనే ఒక ప్రశ్నను శతాబ్దాలుగా చర్చించారు. సారాయి తీసేవాడని తెలిసీ అతనికి ద్రాక్షపండ్లు అమ్మవచ్చునా? చాలామంది వద్దన్నారు, కొందరు వివరాల్లోకి వెళ్ళి భిన్నంగా చెప్పారు. కాని మన కిట్టు ఆ ద్రాక్షపండు వంటిదేనా? ద్రాక్ష నుంచి సారాయి వస్తుంది. కిట్టు నుంచి ఏ పాపమూ రాదు. దానితో ఎవరూ వ్యభిచారం చేయలేరు. పాపం జరిగి ఉంటే అది కిట్టు అడగక ముందే జరిగిపోయింది. ఇప్పుడు కౌంటరు ముందు ఉన్నది జరిగిపోయిన పాపం కాదు, జరగబోయే హాని. తాగి కాలు విరగ్గొట్టుకున్నవానికి కట్టు కట్టిన డాక్టరును సారాయి వ్యాపారంలో భాగస్తుడని ఎవరైనా అంటారా?

పైగా కౌంటరు ముందు నిలబడిన మనిషి పాపి అని ఫార్మసిస్టుకు ఎలా తెలిసింది? ఆ పందొమ్మిదేళ్ళ అమ్మాయి బలాత్కారానికి గురై ఉండవచ్చు. అక్క కోసం వచ్చి ఉండవచ్చు. భర్త మీద అనుమానంతో నిద్రపట్టని ఇల్లాలు కావచ్చు. శుభ్రం చేయని సూది గుచ్చుకున్న ఆసుపత్రి ఉద్యోగి కావచ్చు. అల్ హుజురాత్ సూరా పన్నెండవ ఆయత్ అనుమానాలను, ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని వారించింది. నీకు పెళ్ళయిందా అని అడిగే హక్కు కిట్టు అమ్మేవానికి లేదు. ఆ ప్రశ్న అడిగిన మరుక్షణం అతను వైద్యసహాయకుని స్థానం వదిలి న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నట్లే. ఆ కుర్చీ అతనికి ఎవరిచ్చారు?

బ్రిటన్‌లో ఫార్మసిస్టులను నియంత్రించే జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ ఈ విషయంలో 2017లో మార్గదర్శకాలు మార్చింది. అంతకు ముందు ఒక సేవ తన మతవిశ్వాసానికి విరుద్ధమని ఫార్మసిస్టు భావిస్తే వచ్చినవారిని మరో దుకాణానికి పంపితే సరిపోయేది. 2017 తరువాత అలా పంపడం ఒక్కటే అన్నివేళలా సరిపోదని, రోగి అవసరమే ముందు అని తేల్చారు. మన పిల్లలు కొందరు దీన్ని తమ ధర్మానికి ముప్పుగా భావించారు. గర్భనిరోధక మాత్రల వంటి వాటిలో వారి ఇబ్బందిని మేము అర్థం చేసుకోగలం, అది వేరే చర్చ. కాని పరీక్ష కిట్టును కూడా అదే గంపలో వేయడం తొందరపాటు. రోగాన్ని కనుక్కోవడం చికిత్సకు మొదటి మెట్టు. చికిత్స చేయించుకోవచ్చునా అని ఎడారివాసులు అడిగినప్పుడు చేయించుకోమని, ముసలితనం తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు పుట్టించాడని దైవప్రవక్త (స) బోధించిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉన్నది. ఆ బోధనలో ఇది మర్యాదస్థుల రోగం, ఇది కానివారి రోగం అన్న విభజన మనకు కనిపించదు.

రెండో అభ్యంతరానికి బలం ఎక్కువ. రోగభయం పోతే జనం మరింత విచ్చలవిడిగా తిరుగుతారు అంటారు. ఇందులో కొంత నిజం ఉండవచ్చు. పరీక్ష చేసుకున్నాను, ఏమీ లేదు అన్న మాటను చీకటి పనికి పాస్‌పోర్టులా వాడుకునేవారు ఉంటారు. అలాంటి వాడకాన్ని ప్రోత్సహించేలా ఈ కిట్లకు రంగురంగుల ప్రకటనలిచ్చే కంపెనీల తీరు మాకు నచ్చదు. అయితే రెండు సంగతులు ఆలోచించండి. రోగభయంతో పాపానికి దూరంగా ఉన్నవాడు దైవభీతితో దూరంగా ఉన్నట్లా? అతడు భయపడుతున్నది అల్లాహ్‌కు కాదు, పుండుకు. పుండు రాదని తేలిన రోజు ఆ అడ్డు తొలగిపోతుంది. దైవభీతిని మనసుల్లో నాటే పని ఇంటిది, బడిది, మస్జిదుది. ఆ పనిలో మన కొరతను కప్పిపుచ్చడానికి సూక్ష్మక్రిములను కాపలా పెట్టడం న్యాయం కాదు. రెండోది మరీ ముఖ్యమైనది. ఆ క్రిములు పాపిని, నిర్దోషిని వేరుచేసి చూడవు. భయపెట్టడానికి మనం వదిలిపెట్టిన రోగం మొదట కాటువేసేది ఇంట్లో ఉన్న, ఏ పాపమూ ఎరుగని ఆడమనిషిని, ఆమె కడుపులోని బిడ్డను.

మన దగ్గర పరిస్థితి చూడండి. పరీక్ష అంటే సిగ్గుపడే మనిషి మందుకు సిగ్గుపడటం లేదు. ఆర్‌ఎంపి దగ్గరికో, సందు చివరి మెడికల్ షాపుకో వెళ్ళి చెవిలో చెబుతాడు. రెండు రకాల యాంటీబయాటిక్ గోళీలు కాగితంలో చుట్టి ఇస్తారు. సెఫిక్సిమ్ వంటి మందులను డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరాదని, అమ్మినప్పుడు రిజిస్టరులో రాయాలని 2014 నుంచి నిబంధన ఉంది. ఉండి ఏం లాభం? ఏ రోగమో తెలియదు, ఎంత మోతాదో తెలియదు, మంట తగ్గగానే మిగిలిన గోళీలు అలమరలో పడి ఉంటాయి. భార్యకు చికిత్స లేదు కనుక రోగం మళ్ళీ అతనికే తిరిగి వస్తుంది. ఇలా సగంసగం వాడటం వల్లనే గనేరియా క్రిమి ఒక్కొక్క మందునూ లొంగదీసుకుంటూ వచ్చింది. ఒకప్పుడు పెన్సిలిన్‌కు లొంగిన క్రిమి ఇప్పుడు చాలా మందులకు లొంగడం లేదు. రోగం తెలుసుకోకుండా మందు అమ్మితే లేని అభ్యంతరం, రోగం తెలుసుకునే కిట్టు అమ్మితే వచ్చిందంటే ఆ అభ్యంతరం ధర్మానిదా, మన పరువుదా?

ఇంతవరకు కిట్టు పక్షాన మాట్లాడాం. కాని ఈ విషయంలో అసలైన ధర్మసంకటం అమ్మకం దగ్గర లేదు. గీత కనిపించిన తరువాత మొదలవుతుంది.

ఒంటరిగా స్నానాల గదిలో తలుపు వేసుకుని ఒక మనిషి ఆ గీతను చూస్తాడు. ఇప్పుడు అతనికి తెలిసింది. తెలియనంత కాలం ఒక సాకు ఉండేది. ఇప్పుడు ఆ సాకు లేదు. భార్యకు చెప్పాలా?

ఇస్లాం పాపాన్ని గురించి ఒక మాట, హానిని గురించి మరో మాట చెబుతుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవడం వల్లనే మనం చాలాచోట్ల దారి తప్పుతున్నాం. హజ్రత్ మాయిజ్ (రజి) తన వల్ల జరిగిన వ్యభిచారాన్ని ఒప్పుకోవడానికి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చిన సంఘటన మీకు తెలుసు. అలా వెళ్ళి చెప్పమని ఆయనను ప్రోత్సహించిన హజ్జాల్ అనే వ్యక్తితో, నువ్వు నీ వస్త్రంతో అతన్ని కప్పి ఉంటే నీకే మేలుగా ఉండేదని దైవప్రవక్త (స) అన్నట్లు అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. కప్పడం! జరిగిపోయిన పాపం విషయంలో ధర్మం మనకు నేర్పింది ఇదే. దాసుడు తన ప్రభువు ముందు పశ్చాత్తాపపడాలి, తన తప్పును తానే చాటుకోరాదు, ఇతరులు దాన్ని తవ్వరాదు. మందుల దుకాణంలో ఎవరికీ చెప్పకుండా ఒక మనిషి కిట్టు తీసుకుని వెళ్ళగలగడం ఈ కప్పడంలో భాగమేనని మా అభిప్రాయం. ఆసుపత్రి వరండాలో పదిమంది మధ్య పేరు పెట్టి పిలిపించుకోనవసరం లేదు. కాంపౌండరు కళ్ళతో కొలిచే చూపును భరించనవసరం లేదు.

కాని హాని సంగతి వేరు. ఎవరికీ హాని తలపెట్టరాదు, హానికి బదులు హాని చేయరాదు అన్నది ప్రవక్త బోధనల నుంచి ధర్మవేత్తలు తీసుకున్న మూలసూత్రాల్లో ఒకటి. రోగమున్న ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరికి నీళ్ళకు తోలుకురావద్దన్న ఆదేశం బుఖారి, ముస్లిం గ్రంథాల్లో ఉన్నది. ఒంటెల విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పినప్పుడు ఇల్లాలి మాటేమిటి? పాపం అల్లాహ్ హక్కుకు సంబంధించినది, ఆయన తలుచుకుంటే క్షమిస్తాడు. భార్య శరీరం దాసుల హక్కుకు సంబంధించినది, ఆమె క్షమించందే అది తీరదు. తన గతాన్ని పూసగుచ్చినట్లు చెప్పవలసిన అవసరం భర్తకు లేదు. తన రోగాన్ని చెప్పక తప్పదు. ఆమె పరీక్ష చేయించుకునే వరకు, ఇద్దరికీ చికిత్స పూర్తయ్యే వరకు ఆమెకు దూరంగా ఉండక తప్పదు.

రోగం చెబితే పాపం బయటపడినట్లే కదా అంటారు. అవును, చాలాసార్లు అలాగే జరుగుతుంది. ఈ ఇబ్బందిని తేలికగా తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. ఒక కాపురం దీనితో కూలిపోవచ్చు. కాని తన పరువు నిలుపుకోవడానికి ఆమె ఆరోగ్యాన్ని ఖర్చు చేసే అధికారం అతనికి లేదు. మన సుప్రీంకోర్టు ముందుకు కూడా ఇలాంటి వ్యాజ్యం వచ్చింది. రక్తదానం చేసిన ఒక వ్యక్తికి హెచ్‌ఐవి ఉన్నట్లు తేలి, ఆ సంగతి బయటికి పొక్కి అతని పెళ్ళి ఆగిపోయింది. గుట్టు బయటపెట్టారని అతను ఆసుపత్రి మీద వ్యాజ్యం వేశాడు. పెళ్ళికూతురి ప్రాణం హక్కు అతని గోప్యత కంటే పెద్దదని కోర్టు 1998లో చెప్పింది. అలాంటివారికి అసలు పెళ్ళి హక్కే ఉండదన్నట్లు ఆ తీర్పులో ఉన్న వ్యాఖ్యలను 2002లో కోర్టే పక్కన పెట్టింది. 2017లో వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం మరింత జాగ్రత్తగా గీత గీసింది. వ్యాధి ఉన్న వ్యక్తి తానుగా చెప్పేలా ముందు కౌన్సెలింగ్ ఇవ్వాలి. అతను చెప్పడని తేలితే, అతనికి ముందుగా తెలిపి, డాక్టరు గాని కౌన్సెలరు గాని జీవిత భాగస్వామికి చెప్పవచ్చు. స్త్రీ విషయంలో మాత్రం, చెబితే ఆమెను కొడతారనో గెంటివేస్తారనో సహేతుకమైన భయం ఉంటే భర్తకు చెప్పకూడదు. ఈ చివరి మినహాయింపు మగవారిలో కొందరికి రుచించదు. మన ఇళ్ళ వాస్తవం తెలిసినవారు మాత్రం దాన్ని రాసినవారిని అభినందిస్తారు.

ఇక ఇప్పుడు మేము చెప్పబోయే దాన్ని ప్రత్యేకంగా గమనించండి. ఈ కిట్లు ఇళ్ళలోకి వస్తే మాకున్న అతిపెద్ద భయం ఇదే. భర్త కిట్టు తెచ్చి భార్య చేతిలో పెట్టి, చేసుకో, చూస్తాను అంటాడు. గీత వస్తుంది. అంతే, ఆ క్షణమే తీర్పు. ఆమె మీద నింద, తలాక్, ఊరంతా టముకు.

ఆ గీత ఏం చెబుతుంది, ఏం చెప్పదు? 2012లో అమెరికా అనుమతించిన హెచ్‌ఐవి కిట్టు లెక్కలే తీసుకుందాం. వ్యాధి ఉన్న పన్నెండుమందిలో సుమారు ఒకరికి అది లేదని చెప్పింది. వ్యాధి లేని అయిదువేలమందిలో ఒకరికి ఉందని చెప్పింది. అయిదువేలలో ఒకరు చాలా తక్కువ కదా అనిపిస్తుంది. కాని వ్యాధి చాలా అరుదుగా ఉన్న ఒక పట్టణాన్ని ఊహించండి. పదివేలమందిలో ఇద్దరికి మాత్రమే నిజంగా వ్యాధి ఉంది. అందరికీ పరీక్ష చేస్తే దాదాపు నలుగురికి గీత వస్తుంది. ఆ నలుగురిలో ఇద్దరు పూర్తిగా ఆరోగ్యవంతులు! అందుకే గీత వచ్చిన ప్రతి ఒక్కరూ ఆసుపత్రిలో మళ్ళీ నిర్ధారణ చేయించుకోవాలని కిట్టు మీదే రాసి ఉంటుంది. అలాగే గీత రాకపోవడం కూడా పవిత్రతకు పత్రం కాదు. హెచ్‌ఐవి సోకిన తరువాత ఇలాంటి కిట్టులో బయటపడటానికి మూడు నెలల దాకా పట్టవచ్చు.

సిఫిలిస్ కిట్టు మరీ చిక్కు. అది వెతికేది క్రిమిని కాదు, క్రిమి మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలను. ఎప్పుడో సోకి, చికిత్సతో పూర్తిగా నయమైనవారిలో కూడా అవి ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. వ్యాధి ఏ లక్షణమూ లేకుండా శరీరంలో సంవత్సరాల పాటు దాగి కూడా ఉంటుంది. కనుక ఎప్పుడు సోకింది, ఎవరి నుంచి వచ్చింది, ఇద్దరిలో ఎవరు ముందు అనే వాటిలో ఒక్కదానికీ ఆ గీత జవాబు చెప్పలేదు. హెచ్‌ఐవి సూది ద్వారా కూడా రావచ్చు. భార్యకు గీత వచ్చి భర్తకు రాకపోయినా అతను నిర్దోషి, ఆమె దోషి అని తేలదు. అతను మధ్యలో వేరే జ్వరానికో దగ్గుకో వాడిన యాంటీబయాటిక్‌తో అతని క్లమీడియా పోయి ఉండవచ్చు, ఆమెది మిగిలి ఉండవచ్చు.

శీలవతి మీద వ్యభిచార నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివానికి ఎనభై కొరడా దెబ్బలని, ఆపై అతని సాక్ష్యాన్ని ఎన్నటికీ స్వీకరించవద్దని అన్ నూర్ సూరా నాలుగవ ఆయత్ ఆదేశిస్తున్నది. నలుగురు ప్రత్యక్ష సాక్షులు! ప్లాస్టిక్ ముక్క మీది గీత అందులో ఒక్క సాక్షికి కూడా సాటిరాదు. భార్యాభర్తల మధ్య అయితే అదే సూరాలో ప్రమాణాల పద్ధతి వేరుగా ఉంది, దానికీ వైద్యపరీక్షకూ సంబంధం లేదు. కిట్టు రోగం కోసం పుట్టింది. దాన్ని శీలపరీక్షగా మార్చడం ఖుర్ఆన్ మూసిన తలుపును తన్ని తెరవడం. పెళ్ళిచూపుల్లో పిల్లవైపువారిని కిట్టు అడిగే రోజు వస్తుందేమోనని మాకు అనుమానం. అడిగేవారు పెళ్ళికొడుకు చేత కూడా అదే కూర్చోబెట్టి చేయిస్తారా? ఇద్దరూ ఇష్టపడి, ఆసుపత్రిలో, పక్కన వివరించే మనిషి ఉండగా చేయించుకునే పరీక్షను మేము స్వాగతిస్తాం. ఒకరు మరొకరి మీద రుద్దే పరీక్షను కాదు. స్వీయ పరీక్ష అన్న మాటలోనే స్వీయ అన్నది ఉంది.

కనుక ఫార్మసిస్టు సోదరునికి మా సలహా ఇది. కిట్టు ఇవ్వండి. మొహం చిట్లించకుండా, గొంతు పెంచకుండా, వీలైతే కౌంటరు చివర పక్కకు జరిగి ఇవ్వండి. మీరు కూపీ లాగవద్దన్నాం గాని నోరు మూసుకోమనలేదు. ఇది పాజిటివ్ వచ్చినంత మాత్రాన రోగం ఉన్నట్లు కాదు, ఆసుపత్రిలో మళ్ళీ చూపించుకోవాలి. నెగటివ్ వచ్చినంత మాత్రాన లేనట్లూ కాదు, తేదీలు చూసుకోవాలి. రోగముంటే మందు ఉంది, ఇద్దరూ వాడాలి. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. గోళీలు కాగితంలో చుట్టి ఇచ్చేదానికంటే ఇది ఎక్కువ పని, లాభం తక్కువ. రాత్రి ఒంటరిగా ఆ గీతను చూసి ప్రాణం తీసుకోవాలనుకునే మనిషికి మాత్రం ఆ నిమిషంలో విన్న మాట పెద్ద ఆసరా. వేరే కుటుంబసభ్యుని మీద బలవంతంగా చేయించడానికి కొంటున్నారని మీకు స్పష్టంగా తెలిస్తే, అప్పుడు ఇవ్వకపోవడమే ధర్మం. మొదట మనం చూసిన పాపంలో సహకారం అన్న మాట నిజంగా వర్తించేది అక్కడే.

కిట్ల కోసం ఎదురుచూడనవసరం లేని సంగతి ఒకటి ఉంది. మన ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్‌ఐవి పరీక్ష, దాని ముందూ వెనుకా కౌన్సెలింగ్ ఉచితం. ఈ వ్యాధులకు సురక్షా క్లినిక్కులు ఉన్నాయి, లక్షణాలను బట్టి రంగురంగుల ప్యాకెట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. 1097 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా, పేరు చెప్పకుండా వివరాలు తెలుసుకోవచ్చు. గర్భిణీలకు హెచ్‌ఐవి, సిఫిలిస్ పరీక్షలు ఆసుపత్రిలో మామూలుగానే చేస్తున్నారు. ఆమెను బండి మీద తీసుకొచ్చిన భర్త ఎక్కువసార్లు బయట వేపచెట్టు కింద కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటాడు. ఆమె రక్తం తీసే గది తలుపు అతనికి కూడా తెరిచే ఉంటుంది.